ఆ నలుపు వెనక ఏముంది? – వెలుగునీడల వన్యప్రాణి ఫొటోల మీద మా మాట

వన్యప్రాణుల ఫొటోల్లో ఈమధ్య ఒక పద్ధతి బాగా వ్యాపించింది. బొమ్మంతా నల్లగా ఉంటుంది. ఆ నలుపులోంచి ఒక ముఖం మాత్రం పైకి తేలుతుంది. గూడబాతు ముక్కు, గుడ్లగూబ కన్ను, నాగుపాము పడగ అంచు, నక్క చెవి. ఒక పక్క నుంచి వెలుగు పడుతుంది, రెండో పక్క నీడలో కలిసిపోతుంది. పూర్వం స్టూడియోలో మనుషులకు పోర్ట్రెయిట్ ఎలా తీసేవారో, ఇప్పుడు జంతువులకూ పక్షులకూ అలా తీస్తున్నారు. విజయవాడలో పెట్టే ఫొటో ప్రదర్శనల్లో, క్యాలెండర్ల మీద, హోటళ్ల గోడల మీద, ఫోన్లలో తిరిగే బొమ్మల్లో ఇవి తరచు కనిపిస్తున్నాయి. చూసినవాళ్లు ‘ఆహా’ అంటున్నారు. మేమూ అన్నాం. ఆ తర్వాత మాకు కొన్ని ప్రశ్నలు వచ్చాయి. వాటిని మన యువతీయువకుల ముందు, తోటి ఉపాధ్యాయుల ముందు పెట్టడానికే ఈ వ్యాసం.

మేము కృష్ణా డెల్టా యానాదులం. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్లం. కెమెరా మా వృత్తి కాదు. కానీ ఆ బొమ్మల్లో ఉన్న జీవాలు మాకు తెలిసినవి. కాలవ గట్టున, వరిచేలో, చెరువు మీద, మడ అడవిలో మా పెద్దలు వాటితో కలిసే బతికారు. కొన్నింటిని పట్టి తిన్నారు, కొన్నింటికి భయపడ్డారు, కొన్నింటి జాడ చూసి చేప ఎక్కడుందో తెలుసుకున్నారు. ఒక మనిషి ఫొటో ఆ మనిషిలా ఉందో లేదో చెప్పాలంటే ఆ మనిషిని ఎరిగినవాళ్లనే అడుగుతాం. ఆ పాటి అర్హతతోనే మాట్లాడుతున్నాం.

ముందు ఆ నలుపు ఎలా వస్తుందో చూద్దాం. మన కన్ను ఎండలో ఉన్నదాన్నీ నీడలో ఉన్నదాన్నీ ఒకేసారి చూడగలదు. కెమెరాకు ఆ శక్తి తక్కువ. పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఒక తెల్ల కొంగ మీద పడింది, దాని వెనక చెట్ల గుబురు నీడలో ఉంది అనుకుందాం. కొంగ ఈకలు తెల్లబారిపోకుండా వెలుగును తగ్గించి తీస్తే, వెనక గుబురు కెమెరాకు అందదు. నల్లగా మారిపోతుంది. ఏ మోసమూ లేకుండా, ఉన్న వెలుగులోనే వచ్చే నలుపు ఇది. దానికి ఓపిక కావాలి, పొద్దు ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియాలి, పక్షి ఎప్పుడు తల తిప్పుతుందో తెలియాలి. రెండో దారి కంప్యూటర్‌ది. ఫొటో తీశాక వెనకున్నదాన్నంతా సాఫ్ట్‌వేర్‌తో నలుపు చేయడం. మూడోది ఫ్లాష్‌ది. రాత్రిపూట ఫ్లాష్ వెలుగు దగ్గర ఉన్నదాన్నే అందుకుంటుంది, దూరం చీకట్లోనే ఉండిపోతుంది. బొమ్మలో మూడూ ఒకలాగే కనబడవచ్చు. అయినా మూడింటి వెనక జరిగిన పని ఒకటి కాదు. ఫొటో చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతిలో ఉన్న మంచిని మేము తక్కువ చేయం. గూడబాతునే తీసుకోండి. మామూలు ఫొటోలో అది నీళ్ల మీద తేలే ఒక బూడిదరంగు పెద్ద పక్షి. వందల పక్షుల గుంపులో ఒకటి. అదే పక్షిని సూర్యుడు వెనక ఉండగా దగ్గరగా తీస్తే, ముక్కు కింద వేలాడే సంచిలోంచి వెలుగు దూరి వస్తుంది. ఆ పలచటి తోలులో నెత్తురు నరాలు చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. ముక్కు అంచున వరసగా ఉన్న చుక్కలు కనిపిస్తాయి. ఇంగ్లీషులో దాన్ని ‘స్పాట్ బిల్డ్’ అని ఎందుకన్నారో అప్పుడు అర్థమవుతుంది. ‘పక్షులు’ అని గంపగుత్తగా చూసే కన్ను, ‘ఈ పక్షి’ అని చూడటం మొదలుపెడుతుంది. ఒక జీవానికి ముఖం ఇవ్వడం చిన్న పని కాదు. ముఖం ఉన్నదాన్ని చంపడానికి చెయ్యి కాస్త ఆగుతుంది.

నలుపు తెలుపు బొమ్మకు మన దేశంలో మంచి వంశమే ఉంది. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ (1912–1996) దశాబ్దాలపాటు దక్షిణాది అడవుల్లో ఏనుగుల్నీ కణుతుల్నీ ఫొటోలు తీశాడు. ఆయన పని నలుపు తెలుపులోనే సాగింది. ఫొటోతోపాటు ఆ జంతువు ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది అని ‘స్టేట్స్‌మన్’ పత్రికలో 1950 నుంచి చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన దగ్గర ఫొటో, రాత రెండూ ఒకదానికొకటి తోడు. బొమ్మలో చెప్పలేనిది రాతలో ఉంటుంది. ఇప్పటి పోర్ట్రెయిట్లలో పోయింది ఆ రెండో సగమే అని మాకు అనిపిస్తుంది.

మా బడి పిల్లల్ని విజయవాడలో ఒక ప్రదర్శనకు తీసుకెళ్లినప్పుడు ఇది మాకు స్పష్టంగా తెలిసింది. ఆ ప్రదర్శన పేరు ఇక్కడ చెప్పం. మా మాట ఒకరిని తప్పుపట్టడానికి ఉద్దేశించింది కాదు, ఒక పద్ధతిని గురించింది. అక్కడ గూడబాతు పోర్ట్రెయిట్ ఒకటి చాలా పెద్దగా పెట్టారు. చుట్టూ నలుపు, మధ్యలో తెల్లటి మెడ వంపు. ఐదో తరగతి పిల్లాడు చాలాసేపు చూసి, “ఇది ఎక్కడ కూర్చుంది మాస్టారూ?” అని అడిగాడు. ఫొటోలో దానికి జవాబు లేదు. కింద కాగితం మీద పక్షి శాస్త్రీయ నామం ఉంది, తీసినవారి పేరు ఉంది, కెమెరా పేరు, లెన్స్ నంబరు ఉన్నాయి. ఊరి పేరు లేదు.

ఆ పిల్లాడి ప్రశ్నకు కొల్లేటి దగ్గర జవాబు దొరుకుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు దానిలోకి వస్తాయి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం ఉంది. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ అక్కడ గూళ్లు పెడతాయి. గూళ్లు పెట్టడానికి చెట్లు చాలక, అటవీశాఖ చెరువులో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. పక్షులు వాటి మీదే పుల్లలు పేర్చుకుని పిల్లల్ని సాకుతున్నాయి. అంటే మనం చూసే గూడబాతు పోర్ట్రెయిట్లలో ఎన్నోచోట్ల ఆ మెడ వంపు కింద, నలుపులో, ఒక ఇనుప కడ్డీ ఉండవచ్చు. ఫొటో తీసేవారికి ఆ కడ్డీ అందాన్ని చెడగొట్టే వస్తువు. అందుకే నీడలోకి తోస్తారు. మాకు మాత్రం ఆ కడ్డీయే అసలు కథ. చెట్టు పోయి కడ్డీ ఎందుకొచ్చిందన్నది కొల్లేటి చరిత్ర.

ఆ చరిత్రను రెండు మాటల్లో చెబుతాం. 1999లో కొల్లేటిని ప్లస్ ఐదు కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ పాటికే సరస్సు లోపల ఎక్కడ చూసినా గట్లు వేసి చేపల చెరువులు తవ్వారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం ఆ గట్లను కొట్టించింది. తర్వాత మళ్లీ చెరువులు లేచాయి. కాంటూరు తగ్గించాలని ఒకరు, తగ్గించకూడదని ఒకరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఈ గొడవలో పక్షులు ఉన్నాయి, చిన్న రైతులున్నారు, పెద్ద పెట్టుబడిదారులున్నారు, చెరువు గట్ల మీద గుడిసె వేసుకుని కాపలా కాసే యానాది కుటుంబాలూ ఉన్నాయి. నల్లటి పోర్ట్రెయిట్ చూసినవారికి వీటిలో ఒక్కటీ తెలియదు. ఇంత అందమైన పక్షి ఉంది కాబట్టి అంతా బాగానే ఉంది అనుకుంటారు.

ఇదే మా మొదటి అభ్యంతరం. నీడ జంతువు ముఖాన్ని పైకి తెస్తుంది, కానీ దాని కాళ్ల కింద నేలను తీసేస్తుంది. డెల్టాలో ఏ జీవమూ నేల నుంచి వేరుగా లేదు. నీళ్లు రెండడుగులు తగ్గితే కొంగ వెళ్లిపోతుంది. నీళ్లు ఉప్పగా మారితే నత్త చస్తుంది, నత్త చస్తే నత్తగుల్ల కొంగ రాదు. నేల లేకుండా జంతువును ప్రేమించడం అలవాటైతే, నేల పోయినప్పుడు మనకు నొప్పి తెలియదు.

సముద్రం వైపు వెళ్తే ఇంకో ఉదాహరణ ఉంది. నాగాయలంక, కోడూరు దిగువన, కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి. తెల్లమడ, నల్లమడ, తిల్ల. తిల్లపాలు కంట్లో పడితే ఎంత మంటో అక్కడ పీతలకు వెళ్లేవాళ్లకు తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆ అడవి విలువ దివిసీమకు మరీ బాగా తెలిసింది. ఆ అడవిలో ఫిషింగ్ క్యాట్ ఉంటుంది. చేపలు పట్టే అడవిపిల్లి. ఇంటిపిల్లికి రెట్టింపు ఉంటుంది, తోక పొట్టి, బూడిద ఒంటి మీద నల్ల మచ్చలు, వేళ్ల మధ్య కొద్దిగా పొర. నీళ్లలోకి దూకి ఈదుతుంది. ప్రపంచంలో ముప్పులో ఉన్న జంతువుల జాబితాలో ఉంది. మన చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. రాత్రి తిరిగే జీవం కాబట్టి దాన్ని మనుషులు చూడటం అరుదు. దాని సంగతి మనకు తెలిసింది ఎక్కువగా కెమెరా ట్రాపుల వల్ల. చెట్టుకో కొయ్యకో కట్టి వదిలేసిన కెమెరా, జంతువు ముందు నుంచి నడిస్తే తనంతట తానే ఫొటో తీసుకుంటుంది.

ఈ పని కొత్తది కాదు. అమెరికాలో జార్జ్ షిరాస్ రాత్రిపూట ఫ్లాష్ పొడితో జింకల్ని తీసిన ఫొటోలు 1906లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’లో వచ్చాయి. మన దేశంలో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి, ఇప్పటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతాల్లో, పులి నడిచే బాటకు అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలితే ఫ్లాష్ వెలిగేలా ఏర్పాటు చేశాడు. 1927లో ఆ ఫొటోలతో పుస్తకం వేశాడు. దొరలందరూ చచ్చిన పులి మీద కాలు పెట్టి ఫొటో దిగుతున్న రోజుల్లో, బతికున్న పులి తన దారిన పోతూ తన ఫొటో తానే తీసుకుంది. చారల్ని బట్టి ఏ పులి ఏదో చెప్పవచ్చని కూడా ఆ ఫొటోల వల్ల తెలిసింది.

కెమెరా ట్రాప్ ఫొటోలో కళ ఉండదంటారు. ఫ్లాష్ చప్పగా పడుతుంది, కళ్లు దీపాల్లా మెరుస్తాయి, పిల్లి సగం బొమ్మ బయటికి పోయి ఉంటుంది. అయినా ఆ ఫొటోలో బురద కనిపిస్తుంది. మడ వేళ్లు కనిపిస్తాయి. ఆటు ఎంతవరకు వచ్చి తగ్గిందో తడి గీత కనిపిస్తుంది. పక్కన కూలిన రొయ్యల చెరువు గట్టు ఉంటే అదీ కనిపిస్తుంది. పోటీకి పంపే నల్లటి పోర్ట్రెయిట్ పక్కన దీన్ని పెట్టి చూడమని మన పిల్లలకు చెబుతాం. మొదటిది పిల్లి ఎంత అందంగా ఉంటుందో చెబుతుంది. రెండోది పిల్లి ఎలా బతుకుతుందో చెబుతుంది. రెండూ కావాలి. కానీ ఒకటే గోడకెక్కుతోంది.

ఇక వెలుగు సంగతి. వెలుగంటే ఫొటోగ్రాఫరు చేతిలో కుంచె అని చాలామంది రాస్తారు. జంతువుకు అది కుంచె కాదు. శీతకాలం చివర్లో హంసలదీవి, నాగాయలంక తీరాల ఇసకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటిని కాపాడే పనిలో అటవీశాఖతోపాటు మా యానాది మనుషులూ ఉన్నారు. గుడ్డులోంచి రాత్రిపూట బయటికొచ్చిన తాబేటి పిల్ల ఎటు ఎక్కువ వెలుగుంటే అటు పోతుంది. చీకటి రాత్రి తీరంలో అన్నిటికన్నా వెలుగున్నది సముద్రం వైపే, అందుకని సముద్రంలోకి చేరుతుంది. తీరం మీద బల్బు వెలిగినా, ఫ్లాష్ పదే పదే మెరిసినా దానికి దారి తప్పుతుంది. సముద్రం అనుకుని ఊరివైపు పాకుతుంది. పొద్దున కుక్కలకో కాకులకో చిక్కుతుంది, లేదా ఎండకు మాడిపోతుంది. ఒక మంచి వెలుగునీడల ఫొటో కోసం అంత ఖర్చు ఎవరు పెట్టారో ఫొటో మీద రాసి ఉండదు.

పాముల పోర్ట్రెయిట్ల గురించి మేము ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. పాము అంత తీరిగ్గా, అంత అందమైన వెలుగులో, నల్లటి గుడ్డ ముందు, తల ఎత్తి ఎలా కూర్చుంది? చాలాసార్లు దాన్ని ఎవరో పట్టి కూర్చోబెట్టారు. ఆ ఎవరో తరచుగా మావాళ్లే. పాము పట్టడం మాకు వచ్చు కాబట్టి, “ఒకటి పట్టి పెట్టరాదా, కాసేపు ఫొటో తీసుకుని వదిలేద్దాం” అని అడిగేవాళ్లు వస్తారు. కాటేస్తే ప్రాణం పోయేది పట్టినవాడిది. కేసైతే జైలుకెళ్లేది పట్టినవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో పట్టడం కూడా వేటే. ఫొటో కింద పేరు మాత్రం అతనిది ఉండదు. మన యువకులకు మేము సూటిగా చెబుతున్నాం: ఫొటో కోసం పాముని పట్టకండి, ఎంత ఇస్తామన్నా సరే.

ఇలాంటివి పెద్ద పోటీల్లోనూ జరిగాయి. లండన్‌లో ఇచ్చే ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్’ బహుమతి 2009లో, రాత్రిపూట గేటు మీంచి దూకుతున్న ఒక తోడేలు ఫొటోకు వచ్చింది. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసిన తోడేలు అయి ఉంటుందని న్యాయనిర్ణేతలు నిర్ణయించి 2010లో బహుమతిని రద్దు చేశారు. ఆ ఫొటోలో వెలుగు గొప్పగానే ఉంది. అందరూ మెచ్చిన వెలుగునీడలు ఆ దూకుడు నిజమా అన్న ప్రశ్నను కొన్నాళ్లు నీడలో ఉంచగలిగాయి.

ఇప్పుడు ఆ ప్రదర్శనలోని ఇంకో గోడ దగ్గరికి వెళ్దాం. పక్షులు, పాములు, పిల్లుల ఫొటోలు అయిపోయాక, అదే వరసలో, అదే సైజులో, అదే నలుపులో ఒక ముసలామె ముఖం ఉంది. ముడతల మీద పక్కవెలుగు. ముక్కు పుడక మీద ఒక మెరుపు. మెడలో పూసలు సగం కనిపిస్తున్నాయి, సగం చీకట్లో ఉన్నాయి. కింద ‘గిరిజన వృద్ధురాలు’ అని రాశారు. గూడబాతుకు రెండు మాటల శాస్త్రీయ నామం ఉంది. ఈమెకు పేరు లేదు. మా పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది, “ఈమె పేరేంటి మాస్టారూ?” ఆ ప్రశ్నకీ అక్కడ జవాబు లేదు.

ఆ గోడ దగ్గర మాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఎడ్గార్ థర్స్టన్ 1885 నుంచి 1908 వరకు మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటు. సముద్రజీవాల మీద, ముత్యపు చిప్పల మీద రాశాడు. తలలు, ముక్కులు కొలిచే పరికరాలు పట్టుకుని కులాల్నీ తెగల్నీ కొలిచాడు. ఫొటోలు తీశాడు. కె. రంగాచారితో కలిసి 1909లో ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ అని ఏడు సంపుటాలు వేశాడు. అక్షర క్రమంలో ఉన్న ఆ పుస్తకంలో యానాదులు చివరి సంపుటంలో ఉన్నారు. చిప్పల్ని చూసిన కన్నే మమ్మల్నీ చూసింది. ఆ కాలంలో మనుషుల్ని కొలవడానికి తీసే ఫొటోల పద్ధతిని చూస్తే ఇంకా తెలుస్తుంది. ముఖం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. 1869లో లాంప్రే అనే ఇంగ్లీషాయన వెనక దారాలతో గళ్లు కట్టిన తెర పెట్టి, దాని ముందు మనుషుల్ని నిలబెట్టి తీయాలని చెప్పాడు. వెనక ఊరు, ఇల్లు, చెట్టు ఉంటే కొలత కుదరదు కాబట్టి వాటిని తీసేశారు. మనిషి మిగిలాడు, మనిషి ఉండే చోటు పోయింది.

నేటి ఫొటోగ్రాఫరు థర్స్టన్ కాదు. ప్రేమతోనే తీస్తారు, చాలామంది మంచివాళ్లు. కానీ నల్ల తెర పని మారలేదు. చోటు లేని ఆదివాసీ ముఖం, చోటు లేని పక్షి ముఖం ఒకే గోడ మీద పక్కపక్కన వేలాడినప్పుడు, చూసేవారి మనసులో ఒక మాట తెలియకుండానే పడుతుంది: వీళ్లు అరుదైన జీవాలు, అంతరించిపోతున్న అందాలు, పోయేలోపు ఒక ఫొటో తీసుకుందాం. ఆమెకు ఇంటిస్థలం పట్టా ఉందా, మనవడికి కులధ్రువీకరణ పత్రం వచ్చిందా, ఆధార్ కార్డులో పేరు సరిగా పడిందా అని అడగాలన్న ఆలోచన ఆ నలుపులోంచి రాదు. పక్షితో కలిపి చూపించినందుకు మాకు కోపం లేదు. పక్షులు మా చుట్టాలే. పక్షికైనా, మాకైనా ఉన్న చోటును తీసేసి చూపించడమే మా బాధ.

అయితే వెలుగునీడల కళ అంటే చోటును తీసేయడమేనా? మన దగ్గరే వేరే దారులున్నాయి. అమరావతి స్తూపం మీద చెక్కిన నలాగిరి ఏనుగు శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాతి మీద లోతుగా చెక్కినందువల్ల వెలుగు పడినచోట ఒళ్లు లేస్తుంది, లోతులో నీడ నిలుస్తుంది. అది కూడా వెలుగునీడల పనే. ఒకే గుండ్రటి పలకలో మదమెక్కి మనుషుల్ని తొక్కుతున్న ఏనుగూ ఉంది, బుద్ధుడి ముందు వంగిన ఏనుగూ ఉంది. చుట్టూ వీధి ఉంది, పరుగెత్తే జనం ఉన్నారు, మేడ కిటికీల్లోంచి చూసేవాళ్లున్నారు. ఏనుగు కోపం ఎవరి మీద పడిందో, ఎక్కడ పడిందో అంతా ఉంది.

తోలుబొమ్మలాట సంగతీ అంతే. మనకున్న అచ్చమైన నీడల కళ అది. తెర వెనక దీపం, దీపానికీ తెరకూ మధ్య తోలుబొమ్మ. ఆ నీడకు రంగులుంటాయి, ఎందుకంటే తోలును పలచగా చేసి రంగులద్ది, చిల్లులు కొడతారు. అందులోకి జింక వస్తుంది, కోతి వస్తుంది, పాము వస్తుంది. ఒంటరిగా ముఖం మాత్రం రాదు. నిండు ఒంటితో, కాళ్లతో, మాటతో, పాటతో వస్తుంది. జంతువు ఏం కోరుకుంటుందో, ఎవరికి భయపడుతుందో ఆ నీడే చెబుతుంది. నీడ అక్కడ దేన్నీ దాచదు. చూపించేదే నీడ.

కాబట్టి మన పిల్లలు ఫొటోలు తీయడం మొదలుపెట్టాలి అంటాం. ఖరీదైన లెన్సు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఫోను చాలు. పొద్దున్నే గుడిసె తలుపులోంచి పడే వెలుగులో కోడిపుంజును తీయండి. బుట్టలోంచి బయటికొస్తున్న మండపీతను తీయండి. పొలంలో కలుగు ముందు పందికొక్కును తీయండి. దానికి ఇంతవరకు ఎవరూ పోర్ట్రెయిట్ తీసినట్టు మేము చూడలేదు. వరి కంకుల్ని కలుగులోకి లాక్కుపోయేదీ అదే, ఆ కలుగు తవ్వి మా అమ్మమ్మలు గింజలు తెచ్చుకుని గంజి కాచుకున్నదీ దానివల్లే. మూతి మీది మీసాల మీద పక్కవెలుగు పడితే పందికొక్కు కూడా గంభీరంగానే ఉంటుంది. ఏ జీవానికి ముఖం ఇవ్వాలి, దేనికి అక్కర్లేదు అని నిర్ణయించేది ఇన్నాళ్లూ బయటివాళ్లే. ఆ జాబితాను మనం మార్చవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒక పీరియడు దీనికి ఇవ్వండి. పత్రికలోంచో క్యాలెండరులోంచో ఒక నల్లటి వన్యప్రాణి ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టండి. పిల్లల్ని నాలుగు ప్రశ్నలు అడగండి. వెలుగు ఎటునుంచి పడింది? పొద్దున్నా, సాయంత్రమా, ఫ్లాషా? ఈ నలుపులో ఏం ఉండి ఉంటుంది, గీసి చూపించండి. ఈ ఫొటో తీయడానికి ఎవరెవరు సాయపడి ఉంటారు? మూడో ప్రశ్నకు పిల్లలు గీసే బొమ్మలు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మా పిల్లలు గూడబాతు చుట్టూ ఇనుప స్టాండు, మోటారు పైపు, చెరువు గట్టు, గట్టు మీద కాపలా గుడిసె, గుడిసె ముందు చిన్న కుక్క గీశారు. వాళ్లకు ఆ నలుపు ఖాళీ కాదు. వాళ్ల ఊరే అందులో ఉంది.

ఫొటోగ్రాఫర్లకూ ఒక విన్నపం. పోర్ట్రెయిట్ తీయండి, బాగా తీయండి. దానితోపాటు రెండో ఫొటో ఒకటి తీయండి, వెనక్కి పది అడుగులు వేసి, అదే జీవం తన చోట్లో ఉండగా. రెండూ పక్కపక్కన పెట్టండి. కింద రాసే కాగితం మీద కెమెరా పేరుతోపాటు ఊరి పేరు రాయండి. పడవ నడిపినవాళ్లు, జాడ చూపినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరూ రాయండి. మనిషి ముఖం పెడితే ఆ మనిషిని అడిగి పేరు పెట్టండి, ఫొటో ఒకటి ఆ ఇంటికి పంపండి. తాబేళ్ల తీరంలో ఫ్లాష్ ఆపండి. కాగితం మీద రెండు వరుసలు పెరుగుతాయి, అంతే.

మన యువతకు చివరగా ఒక మాట. ఎవరైనా కెమెరాతో వచ్చి, మడలోకి దారి చూపించమంటే చూపించండి, కూలీ మాట ముందే మాట్లాడుకోండి. ఆ ఫొటో ఎక్కడ పెడతారో అడగండి. మీ పేరు రాయమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. కింద కాగితం మీద ఆ పేరు పడిన రోజు, ఫొటో ముందు నిలబడ్డవారికి కనీసం ఒక సంగతి తెలుస్తుంది: ఆ నలుపు వెనక ఒక ఊరుంది, ఆ ఊళ్లో దారి తెలిసిన మనుషులున్నారు.